రేవులో పావుగంట

ఇంట్లోనే కాదు, దుకాణంలో కూడా ఆమెను అందరూ వదినే అనేవారు. మరిది, ఆడపడుచు అలా పిలవడం న్యాయమే. కానీ పాత ఖాతాదార్లు, అద్దాలు తెచ్చిచ్చే ఏజెంట్లు, ఎదురుగా ఉన్న మందుల షాపువాళ్ళు కూడా వదినా అనడం ఎప్పుడు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. వాళ్ళది కళ్ళజోళ్ళ దుకాణం. ముందు గదిలో అద్దాల బీరువాల మధ్య ఆమె భర్త, మరిది కూర్చుని వచ్చినవాళ్ళతో నవ్వుతూ బేరాలు చూసుకునేవారు. వెనక కిటికీ లేని ఇరుకు గదిలో, అరగదీసే యంత్రం ముందు వదిన కూర్చునేది. చీటీలో రాసిన పవరు చూసుకుని అద్దం తియ్యాలి, ఫ్రేము గాడిలో బిగుతుగా కూర్చునేదాకా దాని అంచు అరగదియ్యాలి, వెంట్రుకంత మరలు బిగించాలి, తుడవాలి. యంత్రం మీద కారే నీళ్ళతో కలిసిన తెల్లటి పొడి సాయంత్రానికల్లా ఆమె మోచేతులదాకా పట్టుకుపోయేది. ఎంత కడిగినా గోళ్ళ మొదట్లో కాస్త మిగిలే ఉండేది.

ఆమెకు పిల్లలు లేరు. లేరని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు కూడా. మరిదికి కొడుకు పుట్టిన వెంటనే తోడికోడలు మంచం పట్టింది. తిరిగి తన కాళ్ళ మీద తను నిలబడేసరికి పిల్లవాడు మాటలు నేర్చేశాడు. అన్నం ముద్దలు, లాలపోయడాలు, జ్వరాలు, బడి మారాములు అన్నీ వదిన చేతుల మీదుగానే జరిగాయి. ఇప్పుడు వాడు ఉద్యోగం చేస్తున్న కుర్రాడు. అయినా పెద్దమ్మ మడత పెట్టిన చొక్కా అయితేనే తొడుక్కుంటానని ఇంకా గారాలు పోతాడు.

ఓడ ప్రయాణం ఆలోచన మరిదిది. నా పెళ్ళయి పాతికేళ్ళయింది, ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా వెళ్ళి ఎన్నాళ్ళయింది అని మొదలుపెట్టి చివరికి అందరినీ ఒప్పించాడు. భర్త పోయాక వీళ్ళతోనే ఉంటున్న ఆడపడుచు కూడా బయల్దేరింది. దుకాణానికి తాళం పడింది. వదిన జీవితంలో ఒక మామూలు రోజున దుకాణం మూసి ఉండడం అదే మొదలు.

ఓడ ఎక్కితే ఎక్కారుగానీ, ఆడపడుచుకు సముద్రం పడలేదు. ఒడ్డు కనుమరుగవగానే తల తిరుగుడు, వాంతులు. గదుల పంపకంలో ఆవిడతో ఉన్నది వదినే. మిగిలినవాళ్ళు పైన పాటలూ ఆటలూ చూసి వచ్చి తలుపు తోసి ఎలా ఉందని అడిగి వెళ్ళేవారు. వదిన ఒక చేత్తో బేసిను, ఇంకో చేత్తో ఆడపడుచు నుదురు పట్టుకుని తెల్లవార్లూ కూర్చునేది. అలా వరసగా కొన్ని రాత్రులు గడిచాక ఒక ఉదయం ఓడ ఒక దీవి పక్కన ఆగింది. సాయంత్రందాకా ఇక్కడే ఉంటుంది, అందరూ ఒడ్డుకు వెళ్ళి హాయిగా గడిపి రావచ్చని మైకులో చెప్పారు. కాలు నేల మీద పెట్టగానే ఆడపడుచు మొహంలోకి రంగు తిరిగి వచ్చింది.

రేవు నుంచి వ్యాన్లలో తీసుకెళ్ళి ఒక తీరంలో దింపారు. ఇసుక తెల్లగా, పిండి జల్లినట్టుంది. నీళ్ళు ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చగా, ముందుకు పోయేకొద్దీ నీలంగా ఉన్నాయి. వరసగా గొడుగులు, వాటి కింద వాలుకుర్చీలు. వదిన చెప్పులు వదిలేసి పాదాలు మునిగేదాకా నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఒక మాట చెప్పేది: దగ్గరి పని చేసే కళ్ళకు అప్పుడప్పుడు దూరం చూపించాలి, లేకపోతే అలిసిపోతాయని. తను మాత్రం ఇన్నేళ్ళూ జానెడు దూరంలో ఉన్న అద్దం అంచునే చూసింది. ఇప్పుడు చూపు ఎంతదూరం పోయినా అడ్డు లేదు. ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పుగాలి అనుకుంది.

భర్త పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆయన మంచి మాటకారి, కానీ ఆ మాటలన్నీ ముందు గదిలోనే ఖర్చయిపోయేవి. ఆ రోజు మాత్రం ఆవిడ వైపు చూసి, మొహంలో ఎంత కళ వచ్చిందో, నిన్ను ఎప్పుడో తీసుకురావాల్సింది అన్నాడు.  ఆవిడ ఆ మాట కొంగున మూటగట్టుకున్నట్టు దాచుకుంది.

తర్వాత అందరూ అడుగున అద్దం ఉన్న పడవలో చేపలు చూడ్డానికి వెళ్తామన్నారు. సామాన్ల దగ్గర ఒకరుండాలి కదా అని ఎవరూ పైకి అనలేదు. వదినే ఉంటానంది. తోడికోడలు ఆవిడ కుర్చీ వాల్చి, తల కింద తువ్వాలు మడిచి పెట్టి, "అక్కా, ఇన్ని రాత్రులు నీకు నిద్రే లేదు. ఈవేళ నీది. కదలకుండా పడుకో" అంది. సంచులన్నీ కుర్చీ చుట్టూ చేరాయి. అలల చప్పుడు ఒకే తీరున వినిపిస్తూంది. కాసేపు సంచులు లెక్కపెడుతూ మేలుకుని ఉండాలనుకుంది వదిన. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియలేదు. ఒళ్ళు తెలియని నిద్ర పట్టేసింది.

ఎవరో పక్కన గొడుగు ముడుస్తున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. తీరంలో పనిచేసే ముసలాయన ఒకడు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ ఆవిడ దగ్గరికొచ్చి ఆగిపోయి చూస్తున్నాడు. ఎండ పసుపు రంగులోకి దిగింది. వదినకు మొదట భయం వెయ్యలేదు. వీళ్ళంతా నీళ్ళలో ఉన్నారేమో అని అటు చూసింది. నీళ్ళలో ఎవరూ లేరు. అప్పుడు కుర్చీ పక్కకు చూసుకుంది. సంచి ఒక్కటి కూడా లేదు. భర్త తువ్వాలు లేదు. ఆడపడుచు టోపీ లేదు. తోడికోడలు ఏరుకున్న గవ్వల పొట్లం కూడా లేదు. ఎవరిది వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. ఆవిడ చెప్పులు మాత్రం కుర్చీ కింద పక్కపక్కనే, ఎవరో సర్ది పెట్టినట్టు ఉన్నాయి.

ముసలాయన ఓడ ఉన్న దిక్కు చూపించి చేత్తో ఏదో సైగ చేశాడు. ఆ సైగకు భాష అక్కర్లేకపోయింది. వదిన లేచి పరుగెత్తింది. ఆయన కూడా కుర్చీలు వదిలేసి, శీతల పానీయాలు తెచ్చే చిన్న వ్యానులో ఆవిడను ఎక్కించుకుని రేవుకి తోలాడు. దారి పొడుగునా ఖాళీ సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలలాడుతూనే ఉన్నాయి. వదిన ముందుకు వంగి కూర్చుని, తను వంగితే బండి త్వరగా పోతుందన్నట్టు, డాష్‌బోర్డు పట్టుకుంది.

రేవులో వంతెన సముద్రంలోకి చాలా దూరం ఉంది. చివర ఓడ కనిపిస్తూనే ఉంది, ఎత్తైన మేడలా, తెల్లగా. వదిన చెప్పులు చేత్తో పట్టుకుని ఆ వంతెన మీద పరుగు తీసింది. సగం దూరం పోయేసరికి ఓడ మీద నుంచి చప్పట్లు వినిపించాయి. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చేవాళ్ళను చూడ్డం ఆ ప్రయాణికులకు ఒక సరదా. కొందరు ఈలలు వేశారు. కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. తనను ఉత్సాహపరుస్తున్నారనుకుని ఆవిడ ఇంకా వేగంగా పరుగెత్తింది. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, ఓడకూ వంతెనకూ మధ్య అప్పటికే నీళ్ళు కనిపిస్తున్నాయని. ఆ నీళ్ళు చూస్తూండగానే వెడల్పు అవుతున్నాయి. వదిన రెండు చేతులూ ఎత్తి ఊపింది. పైనున్నవాళ్ళు కూడా చేతులు ఊపారు.

అక్కడ పొట్టిచేతుల తెల్లచొక్కా వేసుకున్న లావుపాటి మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో కాగితం. కాగితం చూసి ఒక పేరు చదివాడు. వదిన వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో పిలుస్తున్నాడని. మళ్ళీ చదివాడు. అది తన పేరే. ఎవరూ పిలవక పిలవక అది తనదన్న సంగతే మరిచిపోయింది.

ఓడ కంపెనీ తరఫున ఆ రేవులో పనులు చూసే ఏజెంటు ఆయన. ఆయన కాళ్ళ దగ్గర ఒక నీలం సంచి ఉంది. ఆ సంచి వదినదే, ఓడలో తన మంచం కింద ఉండాల్సింది. దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. తన సంచి దిగిందంటే తనవాళ్ళు కూడా దిగారన్నమాట. గోదాము నీడలో ఎక్కడో కూర్చుని ఉంటారు. భర్త ఈపాటికి మండిపడుతూ ఉంటాడు, ఆ నిద్రేమిటని నలుగురిలో నాలుగూ అంటాడు. అననీ, పడదాం అనుకుంది. గోదాము వైపు చూసింది. టికెట్ల గది వైపు చూసింది. ఇద్దరు కూలీలు తాళ్ళు చుడుతున్నారు. ఇంకెవరూ లేరు.

ఏజెంటు ఆవిడకు అర్థమయ్యేలా, నెమ్మదిగా, వేళ్ళతో చూపిస్తూ అంతా చెప్పాడు. ఎక్కేటప్పుడు ప్రతివాళ్ళ కార్డూ చూస్తారు. ఆవిడ కార్డు రాలేదు. మైకులో పేరు పిలిచారు. తర్వాత గదికి వెళ్ళి అడిగితే అప్పుడు ఇంట్లోవాళ్ళకు తెలిసింది. ఓడ ఇంక ఆగడానికి వీల్లేదు, కెప్టెను ఒక పావుగంట మాత్రం ఇవ్వగలనన్నాడు. ఆ లోపల ఆవిడ వస్తే సరి, లేకపోతే పాస్‌పోర్టు, అవసరమైన సామాను కిందికి పంపండి, కావాలంటే మీలో ఎవరైనా దిగి ఆవిడతో ఉండవచ్చు అని చెప్పారు. వాళ్ళు మాట్లాడుకున్నారు. తర్వాత మీ అబ్బాయి ఈ సంచి తీసుకుని దిగాడు. నా చేతికిచ్చి, హోటలు మంచిదేనా, భోజనం వేడిగా పెడతారా అని అడిగాడు. మంచి కుర్రాడు. అడిగి మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

వాడు తన కొడుకు కాదని వదిన చెప్పలేదు. "ఇక్కడిదాకా దిగాడా?" అని మాత్రం అడిగింది.

ఏజెంటు తను నిలబడ్డ చోటు చూపించాడు. ఇక్కడిదాకా.

వదిన ఆ సిమెంటు నేల వైపు చాలాసేపు చూసింది.

హోటలు రేవు ఎదురుగానే ఉంది. గదిలో ఒక మంచం, గోడకు తగిలించిన టీవీ, కొత్తగా వేసిన రంగు వాసన. వదిన సంచి తెరిచి చూసింది. రెండు జతల బట్టలు, తను నేర్పినట్టే చేతులు లోపలికి మడిచి, నలగకుండా. బీపీ మాత్రలు. ఏసీ చలి పడదని స్వెట్టరు. పడుకునేముందు పాదాలకు రాసుకునే నూనె సీసా, కారకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి. ఇంత తొందరలో ఇన్ని గుర్తుపెట్టుకుని సర్దాడు. వదిన ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టి, మళ్ళీ ఒక్కొక్కటే లోపల పెట్టేసింది. వాడికి తనంటే ప్రేమ లేదని అనుకోవడానికి కూడా దారి లేకుండా చేశాడు.

కాసేపటికి ఏజెంటు ఫోను తీసుకుని పైకొచ్చాడు. ఓడ నుంచి ఆవిడ భర్త.

"దొరికావా? హమ్మయ్య" అన్నాడాయన. "ఇక్కడ మా గుండెలు ఆగిపోయాయనుకో. అదేం మొద్దునిద్రే? సరేలే, అయిందేదో అయింది. నువ్వేం కంగారుపడకు. రేపు నిన్ను విమానం ఎక్కిస్తారట. తర్వాతి రేవుకి మాకంటే ముందే నువ్వు వచ్చేస్తావు, చూడు."

వదిన వింటోంది. ఆయన వెనక పళ్ళేల చప్పుడు, నవ్వులు, ఎవరో పాట పాడుతున్నది వినిపిస్తోంది. ఆ రాత్రే మరిది పెళ్ళిరోజు విందు.

"మీరు దిగలేదేమండీ?" అంది.

"నేను దిగితే ఇద్దరం మిగిలిపోయేవాళ్ళం కదే. దానివల్ల ఏం లాభం? ఒకళ్ళతో పోయేదాన్ని ఇద్దరిదాకా తెచ్చుకోవడం తెలివైన పనేనా? నువ్వే చెప్పు."

 ఆ మాట ఎక్కడ పట్టుకుని లాగినా ఊడి రాదు. ఫ్రేములో అద్దం ఇమిడినట్టు ఇమిడిపోయింది. అవతల నుంచి తోడికోడలు గొంతు, అక్కకు నా మాటగా చెప్పండి, అక్క లేకపోతే విందు విందులా లేదని. ఆయన ఆ మాట కూడా చేరవేశాడు. భోజనం చేసి పడుకోమని చెప్పి ఫోను పెట్టేశాడు.

మర్నాడు ఏజెంటు ఒక మాట అడిగాడు. ఆవిడకు ఇష్టమైతే ఓడ దగ్గరికి కాదు, నేరుగా ఇంటికే పంపిస్తారట. రెండూ ఒకటే వాళ్ళకి. వదిన ఇంటి గురించి ఆలోచించింది. తాళం వేసిన ఇల్లు, తాళం వేసిన దుకాణం, అందులో ఒక్కతే. మళ్ళీ ఓడ గురించి ఆలోచించింది. ఓడ దగ్గరికే వెళ్తానంది. కోపంతో కాదు, మొగుడి మీద బెంగతో అంతకన్నా కాదు. వాళ్ళ మొహాలు ఒకసారి చూడాలనిపించింది, అంతే.

చిన్న విమానం. ఆవిడ ఒంటరిగా విమానం ఎక్కడం అదే మొదటిసారి. ఎక్కడ బెల్టు పెట్టుకోవాలో పక్కామె చూపించింది. దిగాక ఇంకో ఏజెంటు, ఇంకో కారు, ఇంకో రేవు. ఓడ మెట్ల దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. మొహాలు చూడాలని వచ్చిందా, తీరా చూస్తే అన్నీ నవ్వుమొహాలే. తోడికోడలు పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. మరిది, "వదిన విమానంలో తిరుగుతోంది, మేమేమో ఓడల్లో పడి కొట్టుకుంటున్నాం" అని అందరినీ నవ్వించాడు. భర్త ఆమె చేతిలోని సంచి అందుకుని, "చూశావా, ఏమైంది ఇప్పుడు? ఏమీ కాలేదు" అన్నాడు. కుర్రాడు మాత్రం కొంచెం వెనగ్గా నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఓడవాళ్ళు ఆమె కోసం ఒక కేకు తెచ్చారు. వడ్డించేవాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. పక్క బల్లలవాళ్ళు ఈమే ఆమె అని వేలు పెట్టి చూపించుకున్నారు. ఆవిడ వంతెన మీద పరుగెత్తడం ఎవరో తీశారట, అది అప్పటికే అందరి ఫోన్లలో తిరుగుతోందట. మరిది దాన్ని తెప్పించుకుని బల్ల మీద పెట్టాడు. చెప్పులు చేత పట్టుకుని, జుట్టు విడిపోయి, రెండు చేతులూ ఊపుతూ ఒక లావుపాటి ఆడమనిషి. అందరూ నవ్వారు. వదిన కూడా చూసింది.

కేకు కోసి అందరికీ పెట్టాక వదిన అడిగింది.

"ఆ పావుగంటలో మీరేం మాట్లాడుకున్నారు?"

నవ్వులు ఒకటొకటిగా ఆగాయి. ముందుగా ఆడపడుచు మొదలుపెట్టింది. ఒడ్డున తనే ఆఖర్న లేచిందని, వదినను లేపమని కుర్రాడితో చెప్పిందని, వాడి చెవుల్లో పాటలు ఉన్నట్టు తను చూసుకోలేదని. తోడికోడలు అందుకుంది. తనేమో అక్క బావగారితో ముందు వ్యానులో వెళ్ళిపోయిందనుకుందట. భర్త, నేను ఆడవాళ్ళతో వస్తుందనుకున్నాను అన్నాడు. ఎవరి మాటా అబద్ధం కాదని వదినకు తెలుస్తూనే ఉంది.

"అది కాదు నేను అడిగేది" అంది. "నేను నిద్రపోయాను, మీరు మర్చిపోయారు. దానికేం, ఎవరికైనా జరుగుతుంది. తర్వాత పావుగంట ఇచ్చారు కదా మీకు. అప్పుడేం అనుకున్నారని."

మరిది గొంతు సవరించుకున్నాడు. ఆ కంగారులో ఎవరికి ఏం గుర్తుంటుంది వదినా అన్నాడు. ఆడపడుచుకు మళ్ళీ వాంతులు మొదలయ్యాయని తోడికోడలు అంది. అన్నయ్యకు మోకాళ్ళ నొప్పులు కదా అని ఆడపడుచు అంది. విందుకు బల్ల ముందే చెప్పి పెట్టాం, అందరినీ పిలిచాం అని మరిది మళ్ళీ అందుకున్నాడు. ఇన్ని కారణాలు ఉన్నాయి కాబట్టి వాళ్ళు చాలాసేపే మాట్లాడుకుని ఉంటారని వదిన అనుకుంది. ఎవరు దిగాలా అని కాస్త కీచులాడుకుని ఉంటారు. భర్త దిగుతానంటే తమ్ముడు వద్దని ఉంటాడు. ఆమాత్రం జరిగి ఉంటే చాలు అనిపించింది.

కుర్రాడు తల వంచుకునే ఉన్నాడు. వదిన వాడి వైపు చూసింది.

"నువ్వు చెప్పు కన్నా."

"ఏమీ మాట్లాడుకోలేదు పెద్దమ్మా" అన్నాడు వాడు. "ఎవరైనా దిగుతారా అని వాళ్ళడిగారు. అక్కర్లేదు, ఆవిడ చూసుకుంటుంది అన్నారు పెదనాన్న. అందరూ అవునన్నారు. ఇంక మిగతా టైమంతా నీ పాస్‌పోర్టు ఏ సంచిలో ఉందా అని వెతికాం."

"నిన్నెవరు చెప్పమన్నార్రా ఇప్పుడు..." అని మరిది కొడుకు మీద గుడ్లురిమాడు. భర్త మాత్రం నొచ్చుకోలేదు. నిజమే అన్నట్టు తల ఊపాడు. "అందులో తప్పేముంది? నీ మీద నమ్మకంతోనే కదా అన్నాను. ఇదే నీ చోట ఇంకెవరైనా అయితే నేను దిగి ఉండేవాణ్ణి" అన్నాడు. ఆయన దాన్ని పొగడ్తగానే అన్నాడు. అది పొగడ్త కాదని ఆయనకు చెప్పే మనిషి ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు.

వదిన తన ముందున్న కేకు ముక్క పూర్తిగా తింది. తర్వాత మిగిలిన రోజులు అందరితో పాటే ఓడలో తిరిగింది. ఆడపడుచుకు మళ్ళీ తల తిరిగితే మాత్రం గంట నొక్కి ఓడ నర్సును పిలిచి, తను పైకి వెళ్ళి గాలిలో కూర్చుంది. ఆడపడుచు ఆ మాట అన్నగారితో అంది. ఆయన, అలిసిపోయి ఉంటుందిలే అన్నాడు.

ఇంటికొచ్చాక మూడు వారాలు దుకాణం మామూలుగానే నడిచింది. నాలుగో వారం మొదట్లో వదిన పొద్దున్నే వంట చేసి, స్నానం చేసి, దుకాణం ఉన్న వీధిలోకి కాకుండా ఎడమ పక్కకు తిరిగి బస్సెక్కింది. కంటి ఆసుపత్రిలో కళ్ళజోళ్ళు తయారుచేసే విభాగం ఒకటుంది. అక్కడివాళ్ళు ఎప్పటినుంచో రమ్మంటున్నారు. అక్కడి గదికి కిటికీ ఉంది. కిటికీలోంచి సైకిళ్ళు పెట్టే చోటు, దాని వెనక ఆసుపత్రి ప్రహరీ, అంతే కనిపించేది.

ఇంట్లో గొడవ కాలేదు. కావాల్సినంత గొడవ కూడా కాలేదు. మరిది బతిమాలాడు. తోడికోడలు ఏడ్చింది. భర్తకు నిజంగానే అంతుపట్టలేదు. "ఏమే, అంత చిన్న విషయానికా?" అన్నాడు. ఆవిడ వివరించాలనుకుంది. రెండుసార్లు నోరు తెరిచింది కూడా. కానీ ఆయన ముందు దాన్ని పెడితే, మాటకారి కాబట్టి, చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ చిన్నది చేసి తిరిగి ఇచ్చేస్తాడని తెలుసు.  వెనక గదికి ఒక కుర్రమనిషిని పెట్టుకున్నారు. అద్దాలు వదులుగా వస్తున్నాయని ఖాతాదార్లు అంటే, మీ వదినకు ఒంట్లో బాగోలేదు, విశ్రాంతిలో ఉంది అని భర్త అందరికీ చెప్పేవాడు. ఓడ కథ కూడా చెప్పేవాడు, చాలా బాగా చెప్పేవాడు. ఆవిడ పరుగు, ఓడ మీది చప్పట్లు, కేకు. విన్నవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. పావుగంట సంగతి ఆ కథలో ఉండేది కాదు. దాచిపెట్టి కాదు, చెప్పుకోదగ్గదని ఆయనకు తోచక.

ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఆయన మందులు ఆవిడే తీసిచ్చేది. పైనుంచి చూస్తే ఏమీ మారలేదు. ఒక్కోరోజు ఆయన వదినను చూసి నవ్వి ఏదో అనేవాడు, ఆవిడ ఆ మాట విని పక్కన పెట్టేసేది. మునుపటిలా దాచుకునేది కాదు.

వానలు పడుతున్న రోజుల్లో ఒకనాడు కుర్రాడు ఆసుపత్రికి వచ్చాడు. కళ్ళజోడు విరిగిందని చెప్పాడు. చూస్తే ఒక మర ఊడింది, అంతే. అది దుకాణంలో ఎవరైనా బిగిస్తారు. వదిన తీసుకుని వెలుతురులో పెట్టుకుని బిగిస్తూంది. వాడు బల్లకు అవతల నిలబడి ఉన్నాడు. చిక్కాడు. చొక్కా ఇస్త్రీ లేదు.

"పెద్దమ్మా" అన్నాడు చివరికి. "ఆ రోజు నేను దిగిపోయి ఉండాల్సింది. అక్కడిదాకా దిగాను కూడా. నాన్న పైనుంచి పిలిచారు."

పరవాలేదు నాన్నా అన్న మాట వదిన నాలిక చివరిదాకా వచ్చింది. జీవితమంతా అలవాటైన మాట, దానంతట అదే వచ్చేస్తుంది. ఆవిడ దాన్ని ఆపింది.

"అవును" అంది. "దిగి ఉండాల్సింది."

వాడు ఇంకేదో మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆవిడ అద్దాలు తుడిచి, వాడి మొహానికి పెట్టి, చెవుల వెనక సరిగ్గా ఆనిందో లేదో వేలితో చూసింది. చిన్నప్పుడు వాడికి మొదటి కళ్ళజోడు పెట్టినప్పుడు వాడు భయపడి ఆవిడ మెడ పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు వాడి చెవులు చల్లగా, వానలో తడిసి ఉన్నాయి.

"అన్నం తిన్నావా?" అని అడిగింది. ఇంకా లేదన్నాడు. కింద క్యాంటీను ఉంది, వేడిగానే పెడతారు, వెళ్ళి తినమంది. నువ్వూ వస్తావా అని వాడు అడగలేదు. వస్తానని ఆవిడ అనలేదు. వాడు మెట్లు దిగి వెళ్ళాక వదిన బల్ల మీద పడ్డ తడి తుడిచి, తర్వాతి చీటీ తీసుకుని పవరు చూసుకుంది.